హిబాచీ గార్లిక్ బటర్ ఇంట్లో చేస్తే వెల్లుల్లి పచ్చిగా కలపాలా, వేయించి కలపాలా?

ప్లేనో వంటిల్లు:
మా అమ్మాయి పుట్టినరోజుకి ఏటా ఇక్కడ టెక్సస్‌లో హిబాచీకే వెళ్తాం, అంటే మన ముందే వేడి ఇనుప పలక మీద వండిపెట్టే జపనీస్ రెస్టారెంట్‌కి. ఉల్లిచక్రాలు గోపురంలా పేర్చి మంట రప్పించడం పిల్లలకి సంబరం. నా కళ్ళు మాత్రం వంటాయన పక్కన డబ్బాలో ఉండే లేత పసుపు వెన్న మీదే ఉంటాయి. ఆ వెన్న ఒక ముద్ద పడితే చాలు, సొరకాయలా చప్పగా ఉండే జుకినీ కూడా మారు అడిగి తినాలనిపిస్తుంది.

ఇంట్లో రెండుసార్లు చేశాను. మొదటిసారి పెనం బాగా కాలాక వెన్న వేసి, అందులోనే తరిగిన వెల్లుల్లి వేశాను. అర నిమిషంలో వెల్లుల్లి నల్లబడింది, ఇల్లంతా పొగ, రొయ్యలు చేదు. రెండోసారి పచ్చి వెల్లుల్లి దంచి మెత్తటి వెన్నలో కలిపాను. మా ఆయన ఒక ముద్ద తిని, నాలుక చుర్రుమంటోంది అన్నారు. పిల్లలైతే ముట్టలేదు. అసలు పద్ధతి ఏది? చేసి చూసినవాళ్ళు చెప్పండి.

నెయ్యిచుక్క:
వేయించే కలపాలండీ, ఇందులో వాదించడానికి ఏముంది? వెల్లుల్లి పాయ పైభాగం కోసి, కాస్త నూనె రాసి, రేకు కాగితంలో చుట్టి, ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 నిమిషాలు ఉంచండి. రెబ్బలు జామ్‌లా మెత్తబడి, నొక్కితే బయటికి వస్తాయి. వెన్నలో కలిపితే ఘాటు ఉండదు, తీపి ఉంటుంది, పిల్లలూ తింటారు. పచ్చి వెల్లుల్లి తింటే మర్నాడు ఆఫీసులో పక్క సీటువాళ్ళకి కూడా తెలిసిపోతుంది.

రోలు-రోకలి:
నెయ్యిచుక్క గారూ, మీరు చెప్పింది బ్రెడ్ మీద రాసుకోవడానికి చాలా బాగుంటుంది, నేనూ చేస్తాను. కానీ అది హిబాచీ రుచి కాదు. ఆ పలక మీద వెన్న పడగానే ముక్కుకి తగిలే వాసన పచ్చి వెల్లుల్లి అప్పటికప్పుడు వేడి తగిలి విచ్చుకునే వాసన. ముందే 40 నిమిషాలు ఉడికిపోయిన రెబ్బకి ఆ వాసన మళ్ళీ రాదు.

ప్లేనో అక్కా, మీ రెండు ప్రయత్నాల్లోనూ పొరపాటు వెల్లుల్లిది కాదు. మొదటిసారి పొరపాటు వెన్న వేసిన సమయంలో ఉంది. వెన్నలో కొవ్వు 80 శాతం, నీరు 16 శాతం దాకా ఉంటుంది, మిగతాది పాల పదార్థం. అమ్మ వెన్న కాచేటప్పుడు చూసే ఉంటారు. ముందు చిటపటలాడుతుంది, అది నీళ్ళు ఆవిరయ్యే చప్పుడు. చప్పుడు ఆగి నురగ తగ్గగానే అడుగున గసి గోధుమరంగుకి తిరుగుతుంది, ఇంకొంచెం ఆలస్యమైతే మాడుతుంది. మీ పెనం 200 డిగ్రీలు దాటి ఉంటే ఇదంతా కొన్ని క్షణాల్లో అయిపోతుంది. అందుకే ముందు నూనెతోనే వేయించండి. వెన్న చివర్లో, అదీ ఖాళీ పెనం మీద కాకుండా కూరముక్కల మీదే వేయండి. ముక్కల్లోంచి నీరు ఊరుతూ ఉంటుంది కాబట్టి వాటిని అంటుకున్న వెన్న, వెల్లుల్లి అంత తొందరగా మాడవు. రెండుసార్లు కలిపి దించేయడమే.

ఇక రెండోసారి ఘాటు సంగతి. వెల్లుల్లి రెబ్బ కొయ్యకుండా ఉన్నప్పుడు ఘాటుగా ఉండదు. దంచినప్పుడు లోపలి ఎంజైము బయటపడి, ఇంకో పదార్థంతో కలిసి అల్లిసిన్ అనే ఘాటైన పదార్థం తయారవుతుంది. ఆ ఎంజైముకి పులుపు పడదు. అందుకని ఒక చెంచా నిమ్మరసం చిన్న గిన్నెలో పోసి, వెల్లుల్లిని నేరుగా ఆ రసంలోకి పడేలా సన్నటి తురుముపీటతో తురమండి. దంచి పక్కన పెట్టి, పది నిమిషాల తర్వాత నిమ్మకాయ పిండితే లాభం లేదు, ఘాటు అప్పటికే తయారైపోయి ఉంటుంది. నేను ఏడాది పాటు ఈ తప్పే చేశాను.

నా కొలత: 100 గ్రాముల ఉప్పులేని వెన్న, 4 రెబ్బలు, ఒక చెంచా నిమ్మరసం, 2 చెంచాల సోయా సాస్. వెన్న వేలితో నొక్కితే సొట్టపడేంత మెత్తగా ఉండాలి, కరిగిపోకూడదు. కరిగితే సోయా సాస్ అడుక్కి దిగి నల్లగా నిలుస్తుంది, ఎంత గిలకొట్టినా కలవదు. మెత్తటి వెన్నలో కొద్దికొద్దిగా పోస్తూ గిలకొడితే వెన్నే దాన్ని పట్టుకుంటుంది.

నెయ్యిచుక్క:
ఉప్పులేని వెన్న అని ప్రత్యేకంగా ఎందుకు? ఇండియాలో చాలా ఇళ్ళలో ఉండేది ఉప్పు వెన్నే కదా.

రోలు-రోకలి:
మామూలు జపాన్ సోయా సాస్‌లో దాదాపు 16 శాతం ఉప్పే. రెండు చెంచాలంటే గ్రామున్నర పైనే పడుతుంది. దానికి ఉప్పు వెన్న తోడైతే నోట్లో పెట్టలేం. ఉప్పు వెన్నే ఉంటే సోయా సాస్ ఒక చెంచాకి తగ్గించండి, వేపుడులో వేరే ఉప్పు వెయ్యకండి. ఇంట్లో చిలికిన వెన్న అయితే మజ్జిగంతా పోయేలా చల్లటి నీళ్ళతో రెండుసార్లు కడగండి.

ఒసాకాలో ఉంటున్నా:
ఒక మాట అడ్డం వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఆరేళ్ళుగా జపాన్‌లో ఉంటున్నాను. మీరంతా హిబాచీ అంటున్నది ఇక్కడ తెప్పన్‌యాకీ. తెప్పన్ అంటే ఇనుప పలక. హిబాచీ అంటే చలికాలంలో చేతులు కాచుకునే బొగ్గుల కుంపటి. పలక మీద స్టేక్ వండి పెట్టడం 1945లో కోబేలోని మిసోనోతో మొదలైందని చెబుతారు. హిరోయాకి ‘రాకీ’ అవోకి 1964లో న్యూయార్క్‌లో బెనిహానా తెరిచాక ఆ వంట అమెరికాలో ఒక ఆటపాటగా మారింది.

ఇక్కడ నేను తిన్న చోట్ల డబ్బాలో గార్లిక్ బటర్ చూడలేదు. వెల్లుల్లిని కాగితమంత పల్చగా కోసి, పలక మీద నూనెలో సన్న సెగన బంగారు రంగు వచ్చేదాకా వేయించి పక్కకి తీస్తారు. ఆ నూనెలోనే మాంసం. తినేటప్పుడు ఆ వెల్లుల్లి రేకులు పైన కరకరలాడతాయి. చివర్లో అదే పలక మీద వెల్లుల్లి అన్నం. కాబట్టి అసలు పద్ధతి అని అడిగితే నా ఓటు వేయించిన వెల్లుల్లికే.

రోలు-రోకలి:
మంచి సంగతి చెప్పారు, కానీ అక్క అడిగింది టెక్సస్‌లో తిన్న రుచి. ఆ రుచి అమెరికాలో పుట్టిందే కావచ్చు. పుట్టిన చోటు వేరైనంత మాత్రాన అది నకిలీ ఎలా అవుతుంది? లక్షలమంది ఇష్టంగా తింటున్న వంట అది, దానికీ ఒక పద్ధతి ఉంది. పైగా వెన్న, సోయా సాస్ జోడీ జపాన్‌దే కదా?

ఒసాకాలో ఉంటున్నా:
అవును, అది ఒప్పుకుంటాను. ఇక్కడ బతా షోయు అంటారు. ఉడికిన బంగాళాదుంప మీద, కాల్చిన మొక్కజొన్న మీద వేస్తారు. ఒకప్పుడు పాశ్చాత్య పోకడలున్న మనిషిని బతా కుసాయ్, అంటే వెన్న కంపు, అనేవారు. అలాంటి దేశంలోనే వెన్న సోయా సాస్‌తో ఇంతగా కలిసిపోయింది. నకిలీ అని నేను అనలేదు, ఇవి రెండు వేరు వేరు వంటలు అంటున్నాను.

చెన్నై తెలుగింటి అమ్మ:
రుచి గురించి మీరే తేల్చుకోండి, నేను నిల్వ గురించే చెబుతాను. ఎవరూ ఆ మాట ఎత్తలేదని భయమేసింది. గాలి తగలని కొవ్వులో పచ్చి వెల్లుల్లి ఉంటే బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరిగి, విషం తయారయ్యే వీలుంది. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిల్వచేసిన వెల్లుల్లి వల్ల ఒక రెస్టారెంట్‌లో తిన్నవాళ్ళు పదుల సంఖ్యలో జబ్బుపడ్డారు. వాసనలో, రంగులో తేడా ఉండదు. ఓవెన్‌లో కాల్చిన వెల్లుల్లికీ ఇదే వర్తిస్తుంది, ఆ వేడికి ఆ బ్యాక్టీరియా బీజాలు చావవు. ఒక చెంచా నిమ్మరసం ఉంది కదా అని ధైర్యపడకండి. చేసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, నాలుగు రోజుల్లో వాడెయ్యండి. మిగిలితే ఫ్రీజర్‌లోకి. ఆవకాయలా బయట ఉంచేది కాదమ్మా ఇది.

ప్లేనో వంటిల్లు:
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి రెండూ చేశాను. ఒక గిన్నెలో నిమ్మరసంలోకి తురిమిన పచ్చి వెల్లుల్లి వెన్న, ఇంకో గిన్నెలో ఓవెన్‌లో కాల్చినది. రొయ్యలు నూనెలో వేయించి, వంకర తిరిగి ఎర్రబడగానే రెండు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక్కో వెన్న వేశాను.

పచ్చిది వేసిన క్షణంలో మా అమ్మాయి గదిలోంచి పరుగెత్తుకొచ్చి, హిబాచీ ఆర్డర్ చేశారా అని అడిగింది. నాకు కావలసింది అదే. చుర్రుమనలేదు. కాల్చినది తియ్యగా, మెత్తగా ఉంది కానీ ఆ వాసన లేదు. మా ఆయన మాత్రం నెయ్యిచుక్క గారి పక్షమే, పొద్దున్న బ్రెడ్ మీద అదే రాసుకున్నారు. మిగిలిన పచ్చి వెన్న ఐస్ ట్రేలో ముక్కలుగా ఫ్రీజ్ చేశాను.

వచ్చే శనివారం ఒసాకా వారు చెప్పిన రేకులు చేస్తాను. చన్నీళ్ళ నూనెలో మొదలుపెట్టాలా, కాగాక వెయ్యాలా?

ఒసాకాలో ఉంటున్నా:
చల్లటి నూనె అనుకుంటాను మీ ఉద్దేశం. అవును, అలాగే. నూనె, రేకులు కలిపి సన్న సెగ మీద పెట్టండి. రంగు పూర్తిగా రాకముందే, లేత పసుపులో ఉండగానే తీసెయ్యండి, బయటికి తీశాక కూడా ఇంకొంచెం వేగుతాయి.