అప్‌డేట్: మా తమ్ముడి 1600 మీటర్ల పరుగు

శ్రీకాకుళం నుంచి అగ్నివీర్ ర్యాలీకి (ఆర్మీ భర్తీకి) వెళ్లే తమ్ముడికి ఎవరో చెప్పిన ఇంజెక్షన్ వేయిస్తే టైమింగ్ తగ్గుతుందా అని అడిగాను కదా, అందరూ గట్టిగా వద్దన్నారు. వేయించలేదు. నాగావళి గట్టు మీద తెల్లారకముందే నెమ్మదిగా, ఎక్కువ దూరం పరిగెత్తాడు, కాలు పట్టేస్తే ఆ రోజుకి ఆపేసేవాడు, వేగం సంగతి ఆ తర్వాతే. 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు, అంటే 400 మీటర్ల రౌండ్ ఒక్కోటి 82 సెకన్లలో పడాలి. వీడేమో మొదటి రౌండ్‌లోనే బలమంతా పెట్టేసి మూడో రౌండ్‌కి చతికిలబడేవాడు. ర్యాలీలో మాత్రం గుంపంతా దూసుకుపోతున్నా తన స్పీడ్ తను వదల్లేదు, ఆఖరి రౌండ్‌లో ఒక్కొక్కరినీ దాటాడు. పాసయ్యాడు! ఇంజెక్షన్లంటూ తిరిగేవాళ్ల దగ్గరికి దయచేసి పోవద్దు తమ్ముళ్లూ. మెడికల్ ఇంకా ఉంది. ఓపిగ్గా షెడ్యూల్ రాసిచ్చిన రిటైర్డ్ హవల్దార్ గారికి అమ్మ దండాలు చెప్పమంది.