మూలలు కోసిన లావు తెలుగు అక్షరాలు: జెర్సీకి, ఫ్లెక్సీకి ఏది నప్పుతుంది?

గంటస్తంభం_కుర్రోడు (విజయనగరం):
మా వీధి కబడ్డీ జట్టుకి జెర్సీలు, సిరిమానోత్సవానికి ఓ ఫ్లెక్సీ చేయించాలి. ఇంగ్లీషులో ఆటల జట్లకి వాడతారే, మూలలు కోసేసిన లావు అక్షరాలు, అలాంటివి తెలుగులో కావాలి. గూగుల్ ఫాంట్స్‌లో మన గురజాడ, గిడుగు పేర్లతో ఫాంట్లు ఉన్నాయని తెలిసి సంబరపడ్డాను. తీరా చూస్తే అవీ గుండ్రమే. మీరెవరైనా ఏదైనా వాడారా అన్నా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):
లావు కావాలంటే రామభద్ర, సూరవరం చూడు తమ్ముడూ. శీర్షికల కోసం చేసినవే, ఉచితం కూడా. కానీ మూలలు ఉండవు. నేనైతే అనేక్ తెలుగు తీసుకుంటాను. సన్నం నుంచి బాగా లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా అన్నీ అందులోనే ఉన్నాయి. ఇరుకులో లావుది పెట్టి, బొమ్మలు గీసే కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ కొట్టి అక్షరాల్ని కర్వ్స్, అంటే మార్చుకోగల గీతలుగా చేసి, వంపుల్ని ఒక్కొక్కటే కోసుకుంటూ పోవాలి. ఒక్క పూటలో అయ్యే పని కాదు. మామూలు అక్షరాన్ని పట్టుకుని అడ్డంగా సాగదీయొద్దు మాత్రం. నిలువు గీతలు బలిసిపోయి అడ్డగీతలు అలాగే ఉండిపోతాయి. మా ఏడురోడ్ల జంక్షన్‌లో సగం ఫ్లెక్సీలకి ఇదే జబ్బు.

రంగుడబ్బా (ఆమదాలవలస):
బావూ, నాను కంప్యూటర్ మనిషిని కాను, బోర్డులు రాసినోణ్ణి. ఏటంటే, మన అక్షరాల్లో తలకట్టుకి ముందే కోణం ఉంది. పని అక్కడ మొదలెట్టాల. తలకట్టు ఎంత వాలుగా ఉందో చూసుకుని, కింద కోసే ప్రతి మూలకీ అదే వాలు ఇయ్యాల. అప్పుడే అక్షరాలన్నీ ఒక్క చేతివాటంలా కనపడతాయి. సున్నని ఎనిమిది పలకలు చేసుకో. గ ఎలాగూ కమాను లాంటిదే, ఇట్టే వొంగుతాది. య, జ మాత్రం పెడసరం, వాటి మెలికలు పూర్తిగా తీసేస్తే ఎవడూ సదవలేడు. ఒక మెలిక వొదిలెయ్, తప్పులేదు.

ఇంకోటి. మీ విజయనగరంలో ఒత్తు లేదు, ఒక్క వరసలో కుదురుగా కూకుంటాది. మా శ్రీకాకుళంలో శ్రీ దగ్గరే కిందా మీదా సోటు సాలదు.

ఒత్తుపొల్లు (విజయనగరం):
గురువుగారు చెప్పిన తలకట్టు మాట నూటికి నూరుపాళ్లు నిజం. దానికి నేను కలిపేది అక్షరం లోపలి ఖాళీ గురించి. గీత లావయ్యేకొద్దీ ముందు పోయేది అదే. ర, ఠ రెంటికీ తేడా లోపలి చుక్క. ధ, థ కూడా అంతే. ధ, ఢ లకి కింద ఒత్తు గీత. మూలలు కోసి లావు పెంచితే చుక్క చుట్టూ ఉన్న సందు పూడిపోయి, దూరానికి థ కాస్తా నల్లటి దిమ్మలా కనిపిస్తుంది. అలాంటి చోట మాత్రం లోపలి గీతని బయటి గీత కన్నా సన్నం చెయ్యాలి. కొలత ఒకటే ఉండాలని పట్టుబట్టకూడదు.

జర్మనీలో రుడాల్ఫ్ కోహ్ 1923లో న్యూలాండ్ అనే మొరటు, కోణాల అచ్చు అక్షరాల ఫాంటుని చేశాడు. ముందు బొమ్మ గీసుకోకుండా నేరుగా లోహంలోనే చెక్కాడు. అందుకే ఏ గీతా మరీ తిన్నగా ఉండదు, దాని అందం అదే. మనం కంప్యూటర్లో అన్ని మూలలూ 45 డిగ్రీలకి కట్టేస్తే అంత జీవం రాదు. తాటాకు చీలిపోతుందని మన అక్షరాలు గుండ్రబడ్డాయని చెబుతుంటారు. ఫ్లెక్సీకి ఆ భయం లేదు, గాలికి అది వేరేగా చిరుగుతుంది.

రేడియం_కటింగ్ (బొబ్బిలి):
జెర్సీ మీద వినైల్ (పల్చటి ప్లాస్టిక్ పొర) కోసి వేడితో అతికిస్తారా? అయితే ఒక మాట. సూదిగా ఉన్న మూలే ఉతుకుల్లో ముందు లేస్తుంది. మూలకి కంటికి ఆనని గుండ్రం ఇవ్వండి, దూరానికి పదునుగానే ఉంటుంది. బోర్డుకి యాక్రిలిక్ అక్షరాలైతే లేజర్‌తో మూల బాగా వస్తుంది. రూటర్ మిషన్‌తో కోయిస్తే, గిర్రున తిరుగుతూ కోసే దాని బిట్టు గుండ్రం కాబట్టి లోపలి మూల ఎప్పుడూ కాస్త మొద్దుగానే మిగులుతుంది. రేకు అక్షరాలకి మాత్రం ఈ కోణాలు వరం, వంపు తిప్పే బాధ లేక మడతతో సరిపోతుంది.

గంటస్తంభం_కుర్రోడు:
అందరికీ థాంక్స్. రెండు తంటాలు మిగిలాయి. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. రెండోది, "కబడ్డీ"లో డ్డీకి పైన గుడి దీర్ఘం, కింద ఒత్తు. ఛాతీ మీద ఆ ఒక్క అక్షరం కోసం మిగతావన్నీ చిన్నవి చెయ్యాల్సొస్తోంది.

నాగావళి_గట్టు:
మొదటిది తేలిక. పాత ఫోటోషాప్ అయితే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఇంజిన్ ఎంచుకుని, దాన్ని మూసి తెరువు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన మాటర్ అయితే యూనికోడ్‌లో, అంటే ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదివే తీరులో, మళ్లీ కొట్టుకోవాలి, లేదా కన్వర్టర్‌లో వెయ్యాలి.

రంగుడబ్బా:
డ్డీకి సెప్తాను. డ అడుగుని కొంచెం పైకి లేపు, ఒత్తుని సగం ఎత్తుకి కుదించి ఆ సందులోకి తోసెయ్. గుడి దీర్ఘాన్ని నిలువుగా లేపకుండా కుడిపక్కకి పడుకోబెట్టు. సదివేవోడికి అడ్డురాదు.

ఒత్తుపొల్లు:
అలా చేస్తే క, బ కూడా అదే ఎత్తుకి వస్తాయి. జట్టు పేరు మాత్రం ఇందులో పెట్టు. ఫ్లెక్సీ కింద దాతల పేర్లు, తేదీ, ఫోన్ నంబర్లు మామూలు అక్షరాల్లోనే వెయ్యి. ఇరవై పేర్లు కోణాల్లో వేస్తే ఏ దాతకీ తన పేరు కనపడదు, మళ్లీ చందా అడగలేవు.

గంటస్తంభం_కుర్రోడు:
హహ, అర్థమైంది. ఫాంటుగా చెయ్యకుండా మాకు కావాల్సిన అక్షరాలే గీసుకుంటాను. డ్డీ కుదరగానే ఫైలు ఇక్కడ పెడతాను, శ్రీ ఎవరైనా గీసి కలపండి.