ఇనుప శిలువలు సమాధుల మీదే ఉండాలా, మ్యూజియానికి తరలించాలా?

ఫార్గో_పద్మజ:
అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం దక్షిణాన ఎమన్స్ కౌంటీలో హేగ్, స్ట్రాస్‌బర్గ్ అని చిన్న ఊళ్ళున్నాయి. అక్కడ గోధుమ చేల మధ్య జర్మన్ వలసదారులు ఏర్పరచుకున్న కేథలిక్ సమాధుల తోటలు కనిపిస్తాయి. చాలా సమాధుల మీద రాతి పలకకు బదులు, ఊరి కమ్మరి కొలిమిలో కాల్చి కొట్టిన ఇనుప శిలువ ఉంటుంది. సూర్యకిరణాల్లాంటి చువ్వలు, హృదయాలు, నక్షత్రాలు, మెలికలు తిరిగిన తీగలు. ఏ రెండూ ఒకేలా అనిపించవు. ఎక్కువ భాగం 1880ల నుంచి 1930ల దాకా చేసినవి. 1989లో ఈ చోట్లలో కొన్ని అమెరికా జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టర్‌లో చేరాయి. కానీ ఊళ్ళలో జనం తగ్గిపోతున్నారు. పేర్లు రాసిన రేకుల మీద రంగు పోయి, కింద ఉన్నది ఎవరో తెలియని సమాధులు పెరుగుతున్నాయి. బాగా దెబ్బతిన్న శిలువలనైనా మ్యూజియంలో పెట్టి, సమాధి మీద నకలు నిలబెట్టాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

కొలిమి_మనవడు:
పద్మజ గారూ, మీ బాధ అర్థమైంది గానీ వైద్యం తప్పు. మాది కమ్మరి ఇల్లు, కాబట్టి ఇనుము సంగతి చెప్తాను. పాత చేత ఇనుములో (wrought iron) సన్నటి చిట్టెం, అంటే ఇనుము తీసేటప్పుడు మిగిలే మడ్డి, పోగుల్లా ఉంటుంది. మామూలు ఉక్కు కంటే తుప్పుకు తట్టుకుంటుందని దానికి పేరు. వీటిలో కొన్ని పాత బండి చక్రాల పట్టాల్లాంటి తుక్కు నుంచి చేసినవి, అన్నీ ఒకే రకం ఇనుము కాదు. దెబ్బ తగిలేది రెండు చోట్ల: నేలలోకి దిగే మొదలు దగ్గర, రివెట్ కొట్టిన అతుకుల దగ్గర. నీళ్ళు నిలిచేది అక్కడే. పైన పొరల మీద పొరలు రంగు పూస్తే లోపల తడి ఆరక ఇంకా తొందరగా తింటుంది. ఇసుక బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి తుప్పు వదిలించడం) మాత్రం చేయించొద్దు, సమ్మెట దెబ్బల ఆనవాళ్ళే పోతాయి. వైరు బ్రష్‌తో ఊడే తుప్పు తీసి, ప్రైమర్ వేసి, పల్చగా రంగు వేస్తే ఆరుబయటే ఇంకో తరం నిలబడతాయి.

నల్లసముద్రం:
ముందు ఒక దిద్దుబాటు. వీళ్ళు జర్మనీ నుంచి నేరుగా వచ్చినవాళ్ళు కాదు. మొదట రైన్ నది వైపున్న ఆల్సాస్, బాడెన్, పలాటినేట్ ప్రాంతాల రైతులు. జార్ మొదటి అలెగ్జాండర్ పిలుపు మీద 1808 ప్రాంతంలో అప్పటి రష్యా సామ్రాజ్యంలో, నల్లసముద్రం ఒడ్డున ఉన్న ఒడెస్సా దగ్గర కుచుర్గన్ లోయలో స్ట్రాస్‌బర్గ్, సెల్జ్, కాండెల్ అనే పల్లెలు కట్టుకున్నారు. 1871లో వాళ్ళ ప్రత్యేక హక్కులు రద్దయ్యాయి, 1874లో సైన్యంలో తప్పనిసరి సేవ వచ్చింది. దాంతో సాగు చేసుకునేవాళ్ళకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే 160 ఎకరాల హోమ్‌స్టెడ్ భూమి కోసం డకోటా బాట పట్టారు. పాత ఊరి పేరే కొత్త ఊరికి పెట్టుకున్నారు. టీవీ బ్యాండ్ నాయకుడు లారెన్స్ వెల్క్ 1903లో ఈ స్ట్రాస్‌బర్గ్ దగ్గరే పుట్టాడు.

రాయి కొనలేని పేదరికం వల్లే ఇనుము వాడారని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఇనుప శిలువ వాళ్ళ వెంట వచ్చిన ఆచారం, దక్షిణ జర్మన్ కేథలిక్ నేలల్లో అంతకు ముందే ఉంది. చెట్టు కూడా లేని మైదానంలో పని చేసి అలసిన మనిషి ఇంత నగిషీ పని చేయించుకున్నాడంటే అది చవక కోసం కాదు. ఇంకో మాట. 1944లో నల్లసముద్రం జర్మన్లు ఆ పల్లెలు వదిలి వెళ్ళిపోయారు. అక్కడి సమాధులను చూసుకునే బంధువులు మిగల్లేదు. డకోటాలో శిలువలు ఇంకా వాళ్ళవాళ్ళ తలల దగ్గరే ఉన్నాయి. వాటిని కూడా మనమే పీకేస్తామా?

మేరీ_తెనాలి:
పద్మజక్కా, మా వైపు నవంబర్ 2న సమాధుల పండుగకు నాలుగు రోజుల ముందే తోట శుభ్రం చేసి, సమాధులకు సున్నం వేస్తాం. ఆ రోజు పూలు, కొవ్వొత్తులు, ఫాదర్ గారి ప్రార్థన. సమాధి మీద శిలువ అంటే చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించమని దారినపోయేవాళ్ళను అడిగే గుర్తు. దాన్ని గాజు పెట్టెలో పెడితే చూస్తారు, మెచ్చుకుంటారు, ప్రార్థన ఎవరు చేస్తారు? మీరన్న నకలు మీద నాకు నమ్మకం లేదు. మా నాయనమ్మ సమాధి మీద నకలు పెడతామంటే నేను ఒప్పుకోను.

కరీంనగర్_సతీష్:
మా దగ్గర దీపావళి నాడు కొన్ని కుటుంబాలు స్మశానానికి పోయి సమాధుల కాడ దీపాలు పెడుతరు. పోయేటోళ్ళు ఉన్నన్ని రోజులు ఏం కాదక్కా. పోయేటోళ్ళు లేనప్పుడు ఏం చెయ్యాల్నో అదే అసలు ప్రశ్న.

ఫార్గో_పద్మజ:
సతీష్, నేనడిగింది సరిగ్గా అదే. మేరీ చెప్పిన మాట నాకూ గుచ్చుకుంది. కానీ తెనాలిలో సున్నం వేసే చేతులున్నాయి. ఇక్కడ మనవలు బిస్మార్క్, ఫార్గో నగరాలకు వెళ్ళిపోయారు, వాళ్ళ పిల్లలు ఇంకా దూరం. ఆరుబయట ఇంకో తరం నిలబడతాయని కొలిమి మనవడు గారన్నారు, రంగు వేసేదెవరు? పేరు పోయిన శిలువను మట్టిలో ఒరిగిపోనివ్వడం గౌరవమని నేను అనుకోలేను.

రిజిస్టర్_చదివినవాడు:
మ్యూజియం వైపు వాళ్ళు ఒక సంగతి చూడాలి. జాతీయ రిజిస్టర్ లెక్కలో సమాధుల తోటలకు మామూలుగా చోటే లేదు, ప్రత్యేక కారణం చూపాలి. చోటు మార్చిన కట్టడాలకూ అంతే. ఇక్కడ గుర్తింపు వచ్చింది శిలువల పనితనానికి, అవి నిలబడ్డ చోటుతో కలిపి. పెకలిస్తే ఆ గుర్తింపు నిలవడం కష్టం. పోనీ గుర్తింపే కాపాడుతుందా అంటే అదీ లేదు. ప్రైవేటు యజమాని తన డబ్బుతో ఏం చేసినా రిజిస్టర్ ఆపలేదు. నిర్ణయం చివరికి చర్చిదే.

నల్లసముద్రం:
అయితే చర్చిని అడగాల్సింది ముందు పేర్లు. శిలువ మీద రంగు పోయినా, చర్చి ఖనన రికార్డుల్లో పేరు, తేదీ దొరకొచ్చు. ఫార్గోలో నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీలో రష్యా జర్మన్ల వారసత్వ సేకరణ ఉంది, కుటుంబ చరిత్రలు అక్కడ వెతకొచ్చు. ప్రతి శిలువకూ ఫోటో తీసి, వరుస, స్థానం రాసి, ఆ పేర్లతో సరిచూస్తే పద్మజ గారి భయంలో సగం తీరుతుంది.

కొలిమి_మనవడు:
రేకు మీద కొత్తగా పేరు రాయాలంటే పాత రేకును కదిలించొద్దు. పక్కనే నేల మీద చిన్న పలక పెట్టండి. విరిగి కింద పడ్డ ముక్కలు మాత్రం లోపలికి తీసుకెళ్ళి, ఏ సమాధివో చీటీ కట్టి దాచాలి. అంతవరకు నేను పద్మజ గారితోనే.

మేరీ_తెనాలి:
ముక్కలకు నేనూ అడ్డు చెప్పను. నిలబడ్డదాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

ఫార్గో_పద్మజ:
నిలబడ్డదానికి రంగు వేసే మనుషుల్ని ఎవరు వెతుకుతారో చెప్పకుండా ఆ షరతుకు నేను ఇంకా ఒప్పుకోలేను మేరీ. ఫోటోల పని మాత్రం మంచు పడకముందే మొదలుపెట్టాలి. చర్చి అనుమతి అడుగుతూ ఉత్తరం రాస్తున్నాను. ఫార్గో, బిస్మార్క్ వైపు ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తామంటే ఇక్కడే చెప్పండి.