"శరీరే జర్జరీ..." జకారమా, ఝకారమా?

తంగేడు: కాంగోలోని బేని ఊళ్లో ఎబోలా వార్డు గురించి చదువుతున్నా. పారదర్శక ప్లాస్టిక్ గదిలో రోగి, గోడకే అతికించిన గ్లవుజుల్లో చేతులు దూర్చి బయట నుంచే సెలైన్ ఎక్కిస్తున్న నర్సు. అప్పట్నుంచీ "శరీరే జర్జరీభూతే వ్యాధిగ్రస్తే కళేబరే, ఔషధం జాహ్నవీ తోయం వైద్యో నారాయణో హరిః" శ్లోకం నోట్లో ఆడుతోంది. మొదటి పాదం జర్జరీభూతేనా, జర్ఝరీభూతేనా?

పాతపుస్తకం: జర్జరీ. జర్జరమంటే శిథిలం. ఆ ఒత్తు అచ్చాఫీసు వాళ్ల పుణ్యం.

రేగడినేల: అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. ఝకారం ఉంటే ఝరి వినిపిస్తుంది, వెనకే జాహ్నవి వస్తుంది. గురులఘువులు చూసినా తేడా లేదు, ఛందస్సు మీకు సాక్ష్యం రాదు.

వార్డుడ్యూటీ: ఝరి ఎబోలాకి బాగానే అతుకుతుంది. వాంతులు, విరేచనాలతో రోజుకి లీటర్ల కొద్దీ నీరు పోతుంది, దాంతో పొటాషియమూ పోతుంది. సెలైన్, ఓఆర్‌ఎస్, రక్తపరీక్ష చూసి లవణాలు సరిచేయడం, సగం వైద్యం ఇదే. 2018-19లో అక్కడే నాలుగు మందులు పోల్చి చూశారు, ఈ సేవ అందరికీ మామూలే. జీమ్యాప్ ఇచ్చినవాళ్లలో దాదాపు 50 శాతం, రెమ్‌డెసివిర్‌తో 53 శాతం పోయారు. ఎంఏబీ114తో 35, రీజెన్-ఈబీ3తో 33.5. అవునండీ, 2021లో మనవాళ్లు బ్లాకులో కొన్న రెమ్‌డెసివిరే.

మూడోగంట: ఎంఏబీ114 అనే యాంటీబాడీ (వైరస్‌ని పట్టే ప్రోటీన్) మూలం 1995లో కాంగోలోనే కిక్విట్‌లో ఎబోలా నుంచి బతికి బయటపడ్డ మనిషి రక్తమే కదా. ఆ ఏడాదే అక్కడ కోలుకున్నవాళ్ల రక్తం 8 మందికి ఎక్కిస్తే ఏడుగురు బతికారు. పోల్చడానికి ఇంకో గుంపు లేదు, అది రక్తం మహిమో మంచి సేవ మహిమో తేలనేలేదు.

పాతపుస్తకం: "వైద్యో నారాయణో హరిః" అని క్లినిక్కుల్లో డాక్టర్ని పొగడ్డానికి రాస్తారు. కానీ "శరీరే జర్జరీభూతే" సతి సప్తమి బాబూ, "ఇలా అయ్యాక" అని చెప్పే విభక్తి! ఒళ్లు శిథిలమయ్యాక ఇక గంగనీళ్లే మందు, హరే వైద్యుడు అని. డాక్టరు చేతులెత్తేశాక చదివే శ్లోకం.

వార్డుడ్యూటీ: నాకున్న ఒక్క బిరుదూ పీకేశారు. కానీ "ఇక నీళ్లే" వేరు, "ముందు నీళ్లు" వేరు. 2014-15లో అమెరికా, యూరప్‌లలో చికిత్స పొందిన 27 మందిలో ఐదుగురే పోయారు. ప్రయోగ మందులూ వాడారు గానీ, నిలబెట్టింది ఐసీయూ సేవేనని నా లెక్క.

రేగడినేల: గంగ అంటే శ్రీనాథుడే. పల్నాట్లో గొంతెండి శివుణ్ణే "గంగ విడుము" అని దబాయించాడు, ఆయన చేతిలో పడుంటే ఈ తోయానికి ఇంకాస్త ప్రాణం వచ్చేది.

పాతపుస్తకం: ఆ చాటువు శ్రీనాథుడిదేనని ఎవరన్నారు?

రేగడినేల: మొదలైంది.

తంగేడు: అయ్యా, నా ఒత్తు?

మూడోగంట: ఒత్తు సరే, "శరీరే" అన్నాక మళ్లీ "కళేబరే" ఎందుకో ఎవరైనా చెప్పండి. తెలుగులో కళేబరమంటే శవమే. శవానికి మందేమిటి, వైద్యుడేమిటి?