50 వేలలో మొదటి గేమింగ్ పీసీ: ఈ కొటేషన్ ఓకేనా?

వరంగల్_కుర్రాడు: అన్నలూ, మానిటర్ ఉంది, వాలరెంట్, జీటీఏ 5 ఆడాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఒకాయన రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, పేరు వినని పవర్ సప్లై, నాలుగు ఆర్‌జీబీ (రంగు లైట్ల) ఫ్యాన్లు రాసిచ్చాడు. గ్రాఫిక్స్ కార్డు తర్వాత వేసుకోవచ్చట.

సర్వీస్_బాబాయ్: లైట్లకు డబ్బులున్నాయి, ర్యామ్‌కు లేవా? తమ్ముడూ, 5600జీ లోపలే ఉన్న గ్రాఫిక్స్ మెయిన్ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్క స్టిక్ వేస్తే ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) బాగా పడిపోతుంది. 8+8 జీబీ రెండు స్టిక్కులు, 3200 స్పీడువి అడుగు. కార్డు ఎలాగూ కొంటానంటే మామూలు 5600 మేలు, ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 32 ఎంబీ, 5600జీలో 16. కాకపోతే దాని లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు పెట్టేదాకా స్క్రీన్ మీద ఏమీ రాదు.

వరంగల్_కుర్రాడు: కార్డు ఏది బాబాయ్?

సర్వీస్_బాబాయ్: ఆర్ఎక్స్ 6600, 8 జీబీ. 132 వాట్లే, మంచి కంపెనీ 550 వాట్ల సప్లై చాలు. సెకండ్ హ్యాండ్ దొరికితే షాపులోనే అరగంట గేమ్ ఆడించి, ఫ్యాన్ చప్పుడు విని తీసుకో. సప్లై మాత్రం కొత్తదే. మన కరెంటు సంగతి తెలిసిందేగా.

నైట్‌షిఫ్ట్: విండోస్ 11లో వాలరెంట్‌కి టీపీఎమ్, సెక్యూర్ బూట్ అనే సెక్యూరిటీ ఫీచర్లు ఆన్‌లో ఉండాలి. బిల్లు కట్టకముందే బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఆన్ చేయించుకో బ్రో.