నాలుగేళ్ళ పిల్లాడితో బొమ్మల ప్రదర్శనకి వెళ్ళొచ్చా?

కొత్తపేట కోడలు:
అందరికీ నమస్తే అండి. వచ్చే ఆదివారం రాజమండ్రిలో మ్యూజియం వాళ్ళు మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వేసిన బొమ్మలు పెడుతున్నారంట, టీచర్లు, గృహిణులు, స్కూల్ పిల్లలు ఎవరైనా ఇవ్వచ్చంట. మా పాపకి ఎనిమిదేళ్ళు, గోడల మీద కూడా బొమ్మలేస్తది కాబట్టి దాంతో ఇబ్బంది లేదు, బాబుకి నాలుగు, వాడు ఏది కనపడితే అది ముట్టుకుని చూడాల్సిందే. మా ఆయనేమో ఆ బొమ్మలు ఫోన్లో చూపించు చాలు అంటున్నారు. రావులపాలెం మీదుగా బస్సులో రానూ పోనూ ఎండ, పైగా తీరా వెళ్ళాక పది నిమిషాలకే ఇంటికెళ్దాం అంటే? తీసుకెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

డ్రాయింగ్ మాస్టారు (రిటైర్డ్):
తీసుకెళ్ళమ్మా. పది నిమిషాలకి వెళ్దాం అంటే వచ్చేయండి, నష్టమేముంది. నేను ముప్పై ఏళ్ళు స్కూలు పిల్లల్ని లైన్లో నిలబెట్టి తిప్పాను, ఆ తిప్పడమే తప్పని రిటైరయ్యాక మనవడితో వెళ్తే తెలిసింది. బొమ్మలన్నీ మన కళ్ళకి ఎదురుగా ఉండే ఎత్తులో తగిలిస్తారు, కింద నుంచి చూసే పిల్లాడికి అద్దం మీద లైటు మెరుపు తప్ప ఏం కనపడదు. అందుకని వాడిని ఎత్తుకోండి, లేదా నాలుగడుగులు వెనక్కొచ్చి నేల మీదే కూర్చోండి. బాగుందా అని అడక్కండి, బాగుంది అంటాడు, అంతే, మాట అయిపోయింది. ఇందులో ఏం జరుగుతోందిరా అని అడగండి. ముట్టుకోవద్దు అనేది లోపలికెళ్ళాక అరిచి చెప్పే బదులు బస్సులోనే చెప్పండి, చేతి చెమట, జిడ్డు రంగుకి పడతాయి, బొమ్మ పాడైపోద్ది అని కారణం కూడా చెప్తే వింటారు. పాపకి ఒక నోటుబుక్కు, పెన్సిల్ ఇవ్వండి, స్కెచ్ పెన్నులు వద్దు.
ఓపికుంటే చిత్రకారుడు దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ కూడా రాజమండ్రిలోనే ఉంది. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారాయన, ముప్పై కూడా నిండలేదు. ఇక్కడ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన బొమ్మలేసే తీరు చూసి బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌కి పంపించాడు. మన ఊరి కుర్రాడే అంత గొప్పగా వేశాడని పాపకి చెప్పండి, ఆ వయసులో అది బాగా ఎక్కుద్ది.

మండపేట బాబాయ్:
మాస్టారూ ఒకే రోజు రెండు చోట్లా? నాలుగేళ్ళ వాడితోనా? మా వాడిని అలాగే పొద్దున్న మ్యూజియం, మధ్యాహ్నం ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం అని తిప్పితే సాయంత్రానికి బ్యారేజీ మీద పడుకుని ఏడ్చాడు, ఇప్పటికీ మ్యూజియం పేరెత్తితే పారిపోతాడు. ఒకటే చూడండి చెల్లెమ్మా, తర్వాత రోజ్ మిల్క్ తాగి బస్సెక్కండి. అసలు చిన్నోడిని ఇంట్లో వదిలేసి పాపని ఒక్కదాన్నే తీసుకెళ్ళినా తప్పులేదు.

లేసు అక్క, నర్సాపురం:
వదిలేయద్దండి బాబాయ్ గారూ, వాడే ఎక్కువ చూస్తాడు చూడండి. నేను ఇలాంటి దాంట్లోనే నా లేసు అల్లకం పెట్టాను ఒకసారి, పెద్దవాళ్ళు బాగుంది అని దాటిపోయారు కానీ ఒక బుడ్డోడు మాత్రం వచ్చి ఈ చిల్లులు ఎవరు చేశారు అని అడిగాడు, నాకు నవ్వాగలేదు, కూర్చోబెట్టి క్రోషియా సూదితో ఒక గొలుసు అల్లి చూపించాను, వాళ్ళమ్మ లాక్కెళ్ళేదాకా కదల్లేదు. బొమ్మ వేసినవాళ్ళు అక్కడే నిలబడి ఉంటారు కదా, ఫోన్లో చూస్తే ఆ ముచ్చట ఎక్కడుంటది. పిల్లలతోనే అడిగించండి ఎన్ని రోజులు పట్టింది, రంగు ఎక్కడ కొన్నారు అని. మేం ఏమీ అనుకోం, ఎవరూ అడక్కపోతేనే బాధ.

కొత్తపేట కోడలు:
వెళ్ళొచ్చామండి!! రెండోది చూడలేదు, బాబాయ్ గారి మాటే విన్నాను. ముప్పావు గంట ఉన్నాం. చిన్నోడు ఒకటి ముట్టుకున్నాడు, అదృష్టం కొద్దీ అది మట్టి బొమ్మ, చేసినావిడే పర్లేదమ్మా అన్నారు. పాప మాత్రం పంటు (మనుషుల్నీ బళ్ళనీ గోదారి దాటించే పెద్ద పడవ) ఉన్న ఒక గోదారి బొమ్మ ముందు ఆగిపోయి ఈ పంటు మీద ఒక్క బండి కూడా లేదేంటి, మనం సఖినేటిపల్లి రేవులో ఎక్కినప్పుడు నిలబడ్డానికి చోటు లేదు కదా అంది, ఆ బొమ్మ వేసినాయన పక్కనే ఉన్నారు, నేను సిగ్గుతో చచ్చాను. ఆయన నవ్వేసి బళ్ళు గియ్యడం నాకు రాదమ్మా, నువ్వు గియ్యి అని పాప నోటుబుక్కులో పంటు ఒకటి గీసిచ్చారు. బస్సులో దాని మీద పదకొండు మోటార్ సైకిళ్ళు ఎక్కించింది, ఒక గేదె కూడా ఉంది, ఎందుకో అడగలేదు.
ఇంతకీ లేసు అక్కా, ఆ సూది పాపకి కొనిస్తే ఏ నంబరు కొనాలండి?