కరీరం: వెదురు మొలకా, ముళ్ళపొదా?

జోధ్‌పూర్‌వాసి: "పత్రం నైవ యదా కరీరవిటపే దోషో వసంతస్య కిమ్". కరీరానికి ఆకే లేకపోతే వసంతుడి తప్పేముంది అని. నాలుగు రోజులుగా ఈ పాదం నన్ను వదలడం లేదు. కరీరం అంటే వెదురు మొలక అని బళ్ళో చెప్పారు. ఇక్కడ సంతలో కేర్ కాయలు కొంటుంటే, ఆ పొదనే కరీర్ అన్నారు. నీతిశతకంలో భర్తృహరి చెప్పింది ఏది?

అమరపాఠి: అమరకోశంలో రెండు అర్థాలూ ఉన్నాయి. "వంశాంకురే కరీరోఽస్త్రీ తరుభేదే ఘటే చ నా". మొలకైతే పుంలింగం, నపుంసకం రెండూ కావచ్చు. చెట్టైతే పుంలింగమే. కానీ ఇక్కడ సమాసంలో లింగం దాగిపోయింది.

పద్యపిపాసి: లింగం దాకా ఎందుకండీ, "విటపే" (కొమ్మకు) అన్నది చాలదూ? మొలకకు కొమ్మలెక్కడివి?

అమరపాఠి: విటపానికి చిగురు అన్న అర్థమూ కోశాల్లో ఉంది. అంత సులువు కాదు.

జోధ్‌పూర్‌వాసి: పొదను చూస్తే నాకు అనుమానం ఉండటం లేదు. లేత రెమ్మలకు చిన్న ఆకులొచ్చినా ఇట్టే రాలిపోతాయి. పచ్చటి కాడలే ఆకుల పని చేస్తాయి. కానీ వసంతంలో ఎర్రగా విరగబూస్తుంది! ఆకు లేదన్న కవి ఆ పూల మాట ఎత్తలేదని నా బాధ. ఆ పూల తర్వాత వచ్చే కాయలు చేదు. ఉప్పునీళ్ళలోనో మజ్జిగలోనో నానబెట్టి ఎండబెడతారు. సాంగ్రీతో కలిపి కూర వండుతారు. సాంగ్రీ అంటే మనం దసరాకి పూజించే జమ్మిచెట్టు కాయే.

భారతాభిమాని: జమ్మి అన్నారు కాబట్టి చెప్తున్నా. కర్ణపర్వంలో వాయవ్య దిక్కు జనమైన బాహ్లీకుల ప్రస్తావనలో "శమీపీలుకరీరాణాం వనేషు", అంటే జమ్మి, పీలు, కరీరాల వనాల్లో, అని వస్తుంది. జమ్మి, పీలు చెట్ల పక్కన వెదురు మొలక ఎలా కుదురుతుంది? ఆ వెంటనే పేలపిండి ముద్దలు, చల్ల కూడా వస్తాయి. అచ్చంగా ఎడారి తిండి.

పద్యపిపాసి: ఎడారి అంటే నాకు భర్తృహరిని తెనిగించిన మన ఏనుగు లక్ష్మణకవే. "తివిరి యిసుమున తైలంబుఁ దీయవచ్చు, తవిలి మృగతృష్ణలో నీరు ద్రావవచ్చు". మూలంలోని "యత్నతః పీడయన్" (ప్రయత్నంతో పిండుతూ) మొత్తం "తివిరి" అన్న ఒక్క మాటలో ఇమిడిపోయింది. పుష్పగిరి తిమ్మన, ఎలకూచి బాలసరస్వతి కూడా తెనిగించారు గానీ, జనం నోట నిలిచింది ఈయన పద్యమే.

అమరపాఠి: ఒప్పుకోను. తివురు అంటే యత్నించడం. అది "యత్నతః" వరకే. పిండటం అందులో ఎక్కడుంది?

పద్యపిపాసి: "తీయవచ్చు"లో ఉంది. పిండకుండా నూనె ఎలా తీస్తారు?

అమరపాఠి: అది మీ ఊహ, పదానికి అర్థం కాదు.